సున్నపు అంకెలు

టార్పాలిన్ ఎత్తేసరికి చెక్కల మీద ఒక్క అంకె కూడా లేదు.

వానాకాలం నడుమ ఎండ కాసిన రోజు అది. చెక్కలకు గాలి తగలకపోతే బూజు పడుతుందని అమ్మ పొద్దున్నే మమ్మల్ని మిన్నీ బేలోని మా కొత్త జాగాకి బయలుదేరదీసింది. నేనొక కొస, నా భార్య ఒక కొస పట్టుకుని టార్పాలిన్‌ను వెనక్కి లాగాం. మడతల్లో నిలిచిన నీళ్లు మా కాళ్ల మీద పడ్డాయి. కింద చెక్కలు మాత్రం పొడిగా ఉన్నాయి. ఇటుకల మీద ఎత్తుగా పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. చెద లేదు, బూజు లేదు. ఏయే ఆపదలు రావచ్చని మేం ముందుగా అనుకున్నామో అవేవీ రాలేదు. కాకపోతే ప్రతి చెక్క కొసనా సున్నంతో రాసిన గుర్తు ఉండాల్సిన చోట ఉత్త చెక్క కనిపిస్తోంది. దాని మీద అటూ ఇటూ తిరిగిన వెండి చారలు. చెక్కల సందుల్లో పిడికిలంత నత్తలు గుల్లలోకి ముడుచుకుని ఉన్నాయి.

నా భార్య పైనున్న చెక్కను తిప్పి చూసింది. తర్వాత దాని కిందిది చూసింది. నేను వెనక వైపు వెళ్లి అక్కడి కొసలు చూశాను. ఒకటి రెండు చోట్ల సున్నం మరక మిగిలింది గానీ, అది ఏ అంకెలో ఏ ముక్కో చెప్పలేం.

అమ్మ గొడుగు మూసి, మిగిలిపోయిన ఇటుకల కుప్ప మీద కూర్చుంది. చెయ్యి చాచి ఒక చార మీద వేలు పెట్టి రాసింది. తరవాత నత్తల వైపు చూసింది.

"ఇవేనేటి తిన్నాయి?" అంది.

నా భార్య ఒక నత్తను ఊడదీసి దూరంగా విసిరింది.

ఆ చెక్కలు మా ఇల్లు. బతు బస్తీలో నాన్న కట్టిన ఇంటిని విప్పి, మిన్నీ బేలో మళ్లీ నిలబెట్టాలని పేర్చి ఉంచిన చెక్కలు. ఏ చెక్క ఏ గోడలో ఎక్కడ ఉండేదో ఆ అంకెలే చెప్పాలి.

నాన్న శ్రీకాకుళం ఒడ్డు నుంచి వయసులో ఉండగా ఓడెక్కి ఈ దీవులకు వచ్చాడు. మొదట వేరేవాళ్ల డుంగీలో కూలికి వేటకు వెళ్లేవాడు. మోటారు బిగించిన చిన్న పడవను ఇక్కడ డుంగీ అంటారు. తర్వాత సొంతానికి ఒకటి కొనుక్కున్నాడు. ఇల్లు మాత్రం ఒక్కసారిగా కట్టలేదు, కట్టలేకపోయాడు. వేట బాగా సాగిన వారం కోత మిల్లుకు వెళ్లి, అక్కడ కొలతకు రాక పక్కన పడేసిన చెక్కల్లోంచి ఒకటో రెండో ఏరుకుని, భుజాన మోసుకుని వచ్చేవాడు. కొన్ని పడాక్, కొన్ని గర్జన్, రెండూ ఇక్కడి అడవి చెట్లే. కొన్ని అప్పటికే ఎక్కడో వాడి విప్పినవి, పాత మేకుల రంధ్రాలతో సహా వచ్చేవి. ఇంటికి తెచ్చాక చిత్రిక పట్టి, పక్క చెక్కకు సరిపోయేలా కొస కోసి బిగించేవాడు. అందువల్ల మా ఇంట్లో ఒకే పొడవున్న చెక్కలు రెండు ఉండేవి కావు. గోడలో ప్రతి చెక్కకూ ఒకటే చోటు. పక్కదాని ఒంపును బట్టి కోసిన చెక్క ఇంకెక్కడా ఇమడదు.

అమ్మ కొన్ని చెక్కల్ని చేపల పేర్లతో పిలిచేది. వంజరం చెక్క, సూర చెక్క. ఏ చేప దొరికిన వారం తెచ్చిందో దానికి ఆ పేరు. చిన్నప్పుడు నాకు అది వింతగా అనిపించేది కాదు. అందరి ఇళ్లలోనూ గోడలకు పేర్లుంటాయనుకునేవాణ్ణి.

ముందు వంటిల్లు కట్టాడు. తర్వాత పడక గది, ఆ తర్వాత ముందు గది. అన్నిటికంటే చివర, సముద్రపు గాలి వచ్చే వైపు, వలలు బాగు చేసుకోవడానికి ఒక గది. దాన్ని మేం వల గది అనేవాళ్లం. నాన్న చివరి రోజులు ఆ గదిలోనే గడిచాయి. వేటకు వెళ్లడం మానేశాక కూడా పొద్దున్నే అందులోకి వెళ్లి కూర్చునేవాడు. చిరగని వలల్ని కూడా విప్పి, మళ్లీ అల్లేవాడు.

ఆయన పోయిన కొన్నేళ్లకు ఇల్లు కదలాల్సి వచ్చింది. బతు బస్తీ స్థలం నాన్నది, మా పెదనాన్నది కలిసి ఉండేది. పెదనాన్న కొడుక్కి రోడ్డు వైపు హార్డ్‌వేర్ దుకాణం ఉంది. వ్యాపారం పెరిగింది, మూడంతస్తుల బిల్డింగ్ వేసుకోవాలనుకున్నాడు. మా భాగానికి బదులుగా మిన్నీ బేలో, వాలు మీద, మా వంతుకంటే పెద్ద జాగా ఇచ్చాడు. న్యాయంగానే ఇచ్చాడు. ఇందులో ఎవరినీ తప్పు పట్టడానికి లేదు.

అమ్మ ఒక్కటే షరతు పెట్టింది. "ఇల్లొస్తే నానూ ఒస్తాను. నేదంటే మీరెల్లండి, నానిక్కడే ఉంటాను."

చెక్క ఇంటిని విప్పి ఇంకోచోట నిలబెట్టడం ఈ దీవుల్లో కొత్త కాదు. ఒకప్పుడు చాలామంది అలాగే మారేవాళ్లు. ఇప్పుడు తగ్గిపోయింది. చెక్కలు అమ్మేసి కాంక్రీటు ఇల్లు కట్టుకుంటున్నారు. అన్న, అదే ఆ పెదనాన్న కొడుకు, కూడా అదే సలహా ఇచ్చాడు. పిన్నీ, పక్కా ఇల్లు వేయించుకో, నీ గదిలో ఏసీ నేను పెట్టిస్తానన్నాడు.

"నన్ను ఐసులో పెడతావేట్రా? నానేటి వంజరాన్నా?" అంది అమ్మ.

అన్న నవ్వేశాడు. ఆ తర్వాత ఎవరూ కాంక్రీటు ఊసెత్తలేదు.

అప్పట్నుంచి మా ఇంట్లో అందరం ముందుచూపుతో బతికాం. వానలు తగ్గాక, ఎండలు ముదరకముందే ఇల్లు విప్పాలి. ఈలోగా మిన్నీ బేలో దిమ్మెలు కట్టించి ఉంచాలి. దిమ్మెల మీద స్తంభాలు, స్తంభాల మీద ఇల్లు. మళ్లీ వానలు పడేలోగా రేకులు కప్పేయాలి. ఆ కొద్ది కాలం ఉండడానికి షాదీపూర్‌లో ఒక మేడ మీద రెండు గదులు అద్దెకు చూశాం. పత్రికలో పనిచేసిన అలవాటు కొద్దీ, ఏది ఎప్పుడు పూర్తి కావాలో నేను నోటితో పదేపదే చెబుతూ ఉండేవాణ్ణి. మా ఆవిడ విసుక్కునేది. "మీరు పేపర్ నికాల్తున్నారా, ఘర్ షిఫ్ట్ చేస్తున్నారా?" అనేది. ఆమె ఇక్కడే పుట్టి పెరిగింది. ఆమె తెలుగులో సగం హిందీ ఉంటుంది.

సామాను సర్దడంలో పెత్తనం అమ్మదే. అట్టపెట్టెలు తెస్తానంటే వద్దంది. ఈ సముద్రపు చెమ్మకు అట్ట మెత్తబడి, ఎత్తేసరికి అడుగు ఊడిపోతుంది. గిన్నెలూ పళ్లాలూ పాత నైలాన్ వలల్లో మూటకట్టింది. మా వాళ్ల ఇళ్లలో అదే పద్ధతి. లోపల ఏముందో విప్పకుండానే కనిపిస్తుంది, గాలి ఆడుతుంది, దూలానికి వేలాడదీస్తే ఎలుక ముట్టదు. బట్టలు మూతలున్న డ్రమ్ముల్లో, మధ్యమధ్య ఎండు వేపాకు వేసి. చేపలు పట్టుకెళ్లే ప్లాస్టిక్ ట్రేలను నాలుగు రోజులు ఎండలో పెట్టి కడిగి, వాటిలో పప్పుల డబ్బాలు. ఇప్పుడప్పుడే అక్కర్లేనివి ముందు, రోజూ కావలసినవి చివర. ఎప్పుడు దేనికోసం వెతికినా అమ్మ కూర్చున్నచోటు నుంచే చెప్పగలిగేది.

ఒక మూట మాత్రం విడిగా కట్టింది. పసుపు గుడ్డలో ఇత్తడి గిన్నె, దాని లోపల దీపపు కుంది, పసుపు కొమ్ములు, ఉప్పు, గుప్పెడు బియ్యం. పాత ఇంట్లోంచి అది చివర బయటికి రావాలి, కొత్త ఇంట్లోకి మొదట వెళ్లాలి. వెళ్లాక ఆ గిన్నెలోనే పాలు పొంగించాలి. బతు బస్తీ ఇంట్లో వంటింటికి నాలుగో గోడ లేవకముందే పాలు పొంగించారట, అదే గిన్నెలో. పాలు పొంగిన తర్వాతే అది ఇల్లు, అప్పటిదాకా చెక్కలేనని అమ్మ అనేది.

ఇల్లు విప్పడానికి వచ్చిన వడ్రంగి బెంగాలీ దాదా. ఆయన తండ్రీ ఇదే పని చేసేవాడట. పెద్ద వయసు, తక్కువ మాట. ఇల్లంతా ఒకసారి తిరిగి చూసి, స్తంభాలకూ దూలాలకూ ఉలితో గాట్లు పెట్టుకున్నాడు. ఒక గాటు, రెండు గాట్లు, అడ్డగాటు. అది ఆయన పద్ధతి. తర్వాత గోడ చెక్కల దగ్గరికి వచ్చి ఉలి పెట్టబోతే అమ్మ అడ్డం వెళ్లి నిలబడింది.

"ఒగ్గీ బాబూ. గీత పడకండా చిత్రిక పట్టినాడు మా ఆయన. గాట్లు పెట్టేస్తావేటి?"

ఆయనకు తెలుగు రాదు. మా ఆవిడ హిందీలో చెప్పింది. ఆయన ఉలి వెనక్కి తీసుకుని, మరి దేంతో రాయమంటారని అడిగాడు. చాక్‌పీస్ అయితే చెమ్మకే పోతుందన్నాడు. రంగు కొనుక్కొస్తానని నేనన్నాను. అమ్మకు అదీ ఇష్టం లేకపోయింది. రంగు ఒకసారి పడితే చెక్కను విడిచి పోదు, గోడ నిండా అంకెలే కనిపిస్తాయంది. సున్నంలో చిక్కటి గంజి కలిపి రాయమంది. వాళ్ల ఊళ్లో, ఒడ్డున పెట్టిన పడవల మీద అలాగే గుర్తులు వేసేవాళ్లట. రాస్తే ఏడాది దాకా పోదు, కావాలనుకుంటే కొబ్బరి పీచుతో తోమేయవచ్చు. వినడానికి ఎంతో సబబుగా ఉంది. దాదా కూడా తలూపాడు.

అమ్మే గంజి కాచింది. తమలపాకుల్లోకి వాడే సున్నం కాదు, తడిపిన గుల్ల సున్నం. చిన్న బకెట్‌లో కలిపి, వేలితో తీసి, జారుతోందా నిలుస్తోందా చూసుకుని ఇచ్చింది. మా ఆవిడ దస్తూరి గుండ్రంగా ఉంటుంది కనుక రాసే పని ఆమెది. గోడకో గుర్తు, చెక్కకో అంకె. దాదా ఒక్కో చెక్క మేకులు లాగి కిందికి దించితే, ఆమె రాసేది, నేను వరసగా గోడకు ఆనించేవాణ్ణి. అమ్మ గుమ్మంలో కూర్చుని చెక్కలతో మాట్లాడేది. ఇది సూర చెక్క, దీన్ని ఎత్తేసరికి మీ నాన నడుం పట్టేసింది. ఇది చూడు, రెండు కొసలూ వంకరే, మీ పెదనాన లాగ. అన్న దుకాణంలోంచి టీ పట్టుకొచ్చి ఆ మాట విని, "మా బాబును ఇప్పుడు కూడా ఒగ్గవా పిన్నీ" అన్నాడు.

ఆ రోజు మేం దుఃఖంగా లేం. ఇది చెప్పుకోవాలి. ఇల్లు విప్పుతుంటే ఏడుపొస్తుందనుకున్నాను, రాలేదు. కూలగొట్టడంలా లేదు, సర్దడంలా ఉంది. గోడలు కూడా సామానులో చేరాయి. చివరికి దిమ్మెలు మిగిలాయి, వాటి మధ్య మా ఇంటి అడుగున ఇన్నేళ్లూ ఎండ తగలని మట్టి. అమ్మ పసుపు మూట చంకన పెట్టుకుని, ఆ మట్టి మీదుగా నడిచి, వెనక్కి చూడకుండా లారీ ముందు సీటులో ఎక్కింది.

షాదీపూర్ ఇంట్లో దిగిన మొదటి రోజు, కింద వాటాలో ఉండే ఇంటామె పాల ప్యాకెట్ పట్టుకుని పైకి వచ్చింది. తమిళులు. ఆమెకూ ఈ ఆచారం తెలుసు. మొదట పాలు పొంగించండి అమ్మా, నా మాటే మీకు ముహూర్తం అని హిందీలో నవ్వుతూ చెప్పింది. అమ్మ ప్యాకెట్ తీసుకుంది. పసుపు మూట విప్పలేదు. రోజువారీ గిన్నెలో పాలు పోసి స్టవ్ మీద పెట్టి, పక్కన నిలబడింది. పాలు నురగతో పైకి లేస్తుండగా, అంచుకు వస్తుండగా, మంట తగ్గించేసింది. నురగ కిందికి జారింది. టీ పెట్టి అందరికీ ఇచ్చింది.

ఇంటామె వెళ్లాక మా ఆవిడ అడిగింది, పొంగనిస్తే ఏమయ్యేదని.

"పొంగితే ఇదే ఇల్లైపోతాది గదమ్మా. ఇది గోడౌను. సామాను తోటి మనల్నీ దాసుకున్నాం. గోడౌనులో ఎవులైనా పాలు పొంగిస్తారేటి?"

ఆ రోజు నుంచీ పొద్దున్న పాలు కాచే పని అమ్మ ఎవరికీ వదల్లేదు. పక్కనే నిలబడేది. ఫోన్ మోగినా, తలుపు కొట్టినా కదిలేది కాదు. మూటలు కూడా విప్పనివ్వలేదు. కావలసిన గిన్నె వల కన్నంలోంచి చెయ్యి దూర్చి తీసుకునేది. వాడి, కడిగి, మళ్లీ అందులోకే తోసేసేది. మేడ మీది ఆ రెండు గదుల్లో మూటల మధ్య దారి చేసుకుని తిరిగేవాళ్లం. కొద్ది కాలానికే గదా అని ఎవరమూ అభ్యంతరం చెప్పలేదు.

ఆ కొద్ది కాలం సాగింది. ఇక్కడ ఇసుక కళ్లెదురుగా మైళ్ల పొడవున ఉంటుంది గానీ, దాన్ని తవ్వి ఇంటికి వాడుకోకూడదు. బయటినుంచి రావాలి. వస్తుందన్న సరుకు రాలేదు. వచ్చినప్పుడు మా వంతు రాలేదు. దిమ్మెలు సగంలో ఆగాయి. ఈలోగా వానలు, అనుకున్నదానికంటే ముందే, దిగాయి. మేం దానికీ సిద్ధంగానే ఉన్నాం. చెక్కలు ఇటుకల మీద ఎత్తుగా ఉన్నాయి, మధ్యమధ్య గాలికి పుల్లలు పెట్టాం, పైన డబుల్ టార్పాలిన్, చుట్టూ నీరు పోవడానికి కాలవ. చెదకు మందు కొట్టించాం.

నత్తల సంగతి ఎవరికీ తట్టలేదు. ఈ పెద్ద నత్తలు ఇక్కడివి కావు, ఎప్పుడో యుద్ధకాలంలో వచ్చాయంటారు. వాన పడితే చాలు పెరటి నిండా అవే. బొప్పాయి మొక్కలు తింటాయి, అట్టలు తింటాయి, వెల్ల వేసిన గోడల్ని కింది నుంచి నాకేస్తాయి. గుల్ల కట్టుకోవడానికి వాటికి సున్నం కావాలట. ఈ ఊళ్లో పక్కా ఇళ్లవాళ్లను ఎవరిని అడిగినా చెప్పేవాళ్లు. మాది చెక్క ఇల్లు. పడవకు పూసే నూనెనే నాన్న గోడలకూ పూసేవాడు. మా గోడలకు ఎన్నడూ సున్నం లేదు. సున్నం గురించి అమ్మకు తెలిసిందంతా ఆ ఒడ్డుది. అక్కడ సున్నాన్ని తినే నత్తలు లేవు. పైగా ఆమె అందులో గంజి కలిపింది, అదీ వాటికి తిండే.

ఎండ కాసిన ఆ రోజు, అమ్మ ఇటుకల మీంచి లేచి, చెక్కల్ని ఒక్కొక్కటిగా దింపమంది. వాటిని పచ్చిక మీద పరిచాం. ఆమె చెప్పగలిగినవి చెప్పింది. వంటింటివి పొగకు నల్లబడ్డాయి గనుక తెలిశాయి. దీపం గూటి వెనక చెక్క తెలిసింది. నాన్న వల సూదులు తగిలించే మేకులున్న చెక్క తెలిసింది. సూర చెక్కను బరువు బట్టి పోల్చుకుంది. వంజరం చెక్క ఏదో తేల్చుకోలేకపోయింది. రెంటి ముందు నిలబడి, ఇదంటే ఇదని, కాదు అదని, చివరికి చీర కొంగుతో ముఖం తుడుచుకుని పక్కకు వచ్చేసింది. పేర్లున్న చెక్కలు అసలు కొన్నే. తక్కినవన్నీ గోడలో ఉన్నంతకాలం గోడ.

మా ఆవిడ మేకు రంధ్రాలను బట్టి జత చేద్దామంది. కొంతసేపు కుదిరినట్టే అనిపించింది. అయితే చాలా చెక్కలకు మా ఇంటికి రాకముందటి రంధ్రాలు కూడా ఉన్నాయి. ఏది నాన్న కొట్టిన మేకుదో, ఏది అంతకుముందుదో తెలియలేదు.

ఇంటికొచ్చాక ఫోన్లలో ఫోటోలు వెతికాం. పుట్టినరోజులవీ పండగలవీ చాలానే ఉన్నాయి. ప్రతి ఫోటోలోనూ గోడ ముందు మేం నిలబడి ఉన్నాం. ఇల్లంతా మా భుజాల వెనక ఉండిపోయింది. చెక్కలు కనిపించిన చోట అవి నూనె పూసి పూసి నల్లగా, ఒకదానికొకటి కలిసిపోయి ఉన్నాయి. ఒక ఫోటోలో మాత్రం నాన్న వల గది గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. ఆయన పక్కన రెండు చెక్కల అతుకు స్పష్టంగా ఉంది. ఆ రెండూ ఏవో మాకు తెలిశాయి. అమ్మకు ఆ ఫోటో చూపిస్తే అతుకు వైపు చూడలేదు.

రాత్రి భోజనాల దగ్గర అందరం నత్తల్ని తిట్టుకున్నాం. ఉప్పు చల్లి ఉంటే దగ్గరికి వచ్చేవి కావని నా భార్య అంది. అన్నీ తెలిసినవాళ్లం, ఇదొక్కటి తెలియలేదని నేనన్నాను. అమ్మ కంచంలో చెయ్యి పెట్టి, కలిపిన ముద్ద అలాగే ఉంచి అంది.

"ఉప్పు తోటి బతికినోళ్లం. గుప్పెడు సల్లుంటే పోను." నీళ్ల గ్లాసు దగ్గరికి లాక్కుని, "ఆ బెంగాలీ బాబు ఉలి తీసినాడు. నానే ఒద్దన్నాను" అంది.

అలా కాదమ్మా, ఎవరికి మాత్రం తెలుసని నేను ఏదో చెప్పబోయాను. ఆమె చేత్తో ఆపింది. ఆ సంగతి ఆ తర్వాత ఇప్పటివరకు ఎత్తలేదు. మేమూ ఎత్తలేదు.

వానలు తగ్గాక, ఇసుక వచ్చి దిమ్మెలు పూర్తయ్యాక, దాదా వచ్చాడు. ఉలి గాట్లను బట్టి స్తంభాలూ దూలాలూ వాటి వాటి చోట్ల నిలబెట్టాడు. ఎక్కడా తేడా రాలేదు. రేకులు కూడా వేసేశాం. మిన్నీ బే వాలు మీద గోడల్లేని ఇల్లు ఒకటి నిలబడింది. ఇవతలి వైపు నుంచి చూస్తే అవతలి వైపు సముద్రం కనిపించేది. తర్వాత ఆయన చెక్కల దగ్గర కూర్చుని, కొలిచి, తిప్పి, పక్కపక్కన పెట్టి, తెలిసినవి ఒక పక్కకు, తెలియనివి ఒక పక్కకు వేరుచేశాడు. తెలియనివే ఎక్కువ. చాలాసేపటి తర్వాత అమ్మ దగ్గరికి వచ్చి గొంతుక్కూర్చున్నాడు.

"ఘర్ తో బన్ జాయేగా, మాజీ. లేకిన్ ఏక్ కమ్రా కమ్ హోగా."

ఇల్లయితే అవుతుంది, ఒక గది తగ్గుతుందని. చెక్కలు వాటి జతల్లో లేవు కనుక కొసలు కోసి సమం చేసుకుంటూ పోవాలి. కోసిన మేరకు చెక్క పోతుంది. ఉన్న దాంతో మూడు గదులకు గోడలొస్తాయి, నాలుగో దానికి రావు. కొత్త చెక్క కొని కలపవచ్చు. ఆ సంగతి కూడా ఆయనే చెప్పాడు. అమ్మ ఒప్పుకోలేదు. బయటి చెక్క వద్దంది. ఉలి మాట ఆయన ఎత్తలేదు, అమ్మ ముఖం వైపు కూడా సూటిగా చూడలేదు. ఏ గది వద్దో చెబితే రేపే మొదలుపెడతానన్నాడు.

ఏ గదో మాకందరికీ తెలుసు. మా ఇంట్లో ఇప్పుడు వేటకు వెళ్లేవాళ్లు లేరు. వలలన్నీ ఎప్పుడో ఇచ్చేశాం, మూటలు కట్టుకున్న ముక్కలు తప్ప. వంటిల్లు తీసేయలేం, పడక గది తీసేయలేం. కానీ ఆ మాట నా నోటి నుంచి రాలేదు, మా ఆవిడ నోటి నుంచి రాలేదు. అన్న చూడటానికి వచ్చి, తేలిగ్గా, మంచికే, వల గది ఇప్పుడెందుకు పిన్నీ అన్నాడు.

"ఆ గది తీసేస్తే వంటింట్లోకి గాలెలగొస్తాది?" అని అడిగింది అమ్మ. "సముద్రం గాలి ఆ గదిలోంచే గదా ఒచ్చేది."

అది బతు బస్తీలో. ఇక్కడ వాలు మీద గాలి నాలుగు వైపుల నుంచీ వస్తుంది. అన్నకు ఆ సంగతి తెలుసు, అమ్మకూ తెలుసు. అవును పిన్నీ, అది నిజమే అని అన్న తలొంచుకున్నాడు.

దాదా అప్పుడప్పుడు ఫోన్ చేస్తాడు. వేరే పనులు చేసుకుంటున్నాడు, తొందర లేదంటాడు. ఎండాకాలమంతా అలాగే గడిచిపోయింది. ఈ మధ్య అమ్మకు జ్వరం వచ్చి మూడు పూటలు లేవలేదు. పొద్దున మా ఆవిడ పాలు కాచింది. తలుపు దగ్గర ఎవరో పిలిస్తే వెళ్లి వచ్చేసరికి పాలు పొంగి, గిన్నె అంచు దాటి, స్టవ్ మీద కారాయి. ఆమె గబగబా గుడ్డతో తుడిచేసింది, కిటికీలు తీసింది. నేను వరండాలో ఉంటే వచ్చి, గొంతు తగ్గించి, "అత్తకు బతాయించకండి, చెప్పొద్దు" అంది. మాడిన పాల వాసన ఇంటినిండా ఉంది. పక్క గదిలో అమ్మ మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. మెలకువగా ఉందో లేదో మేం వెళ్లి చూడలేదు.

జ్వరం తగ్గాక మళ్లీ స్టవ్ దగ్గర తనే నిలబడుతోంది. పాలు లేవగానే మంట తగ్గిస్తోంది.

మళ్లీ వానలు మొదలయ్యాయి. మిన్నీ బేలో చెక్కలు టార్పాలిన్ కింద ఉన్నాయి, చుట్టూ రాళ్ల ఉప్పు పోశాం. వాన పడ్డప్పుడల్లా ఆ ఉప్పు కరిగిపోతుంది. అమ్మ ఒక సంచి నింపి నా చేతికి ఇస్తుంది, నేను వెళ్లి మళ్లీ పోసి వస్తాను. పసుపు గుడ్డ మూట షాదీపూర్‌లో ఆమె మంచం కిందే ఉంది. ఏ గది వదులుకోవాలో దాదాకు ఇంకా ఎవరమూ చెప్పలేదు.